ఇంటర్వ్యూకి తయారవుదాం, 4వ పాఠం: చెయ్యి బట్టల మీదకి పోకూడదు

పోయిన మూడు పాఠాల్లో రెజ్యూమె రాసుకోవడం, కంపెనీ గురించి చదువుకోవడం, మన గురించి రెండు నిమిషాల్లో చెప్పుకోవడం చేశాం కదా. ఆ రెండు నిమిషాల మాట ఇంకా నోటికి రానివాళ్ళు ముందు దాన్ని నాలుగైదు సార్లు పైకి చెప్పి చూసుకుని రండి, ఈ పాఠం చివర్లో ఉన్న అభ్యాసానికి అది కావాలి.

ఇవాళ బట్టల సంగతి.

దీని మీద సలహాలు ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు, ఒకరు బ్లేజర్ లేకపోతే కుదరదంటారు, ఒకరు అంత అక్కర్లేదు నీట్‌గా ఉంటే చాలంటారు, ఇంకొకరు ఆ రంగు వద్దు ఈ రంగు వద్దు అంటారు, ఇవన్నీ విని బీరువా తెరిచేసరికి ఒక్క డ్రెస్సూ పనికొచ్చేలా కనపడదు. నేను మాత్రం ఒకటే కొలత పెట్టుకోమంటాను. కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి లేచేదాకా మీ చెయ్యి మీ బట్టల మీదకి ఒక్కసారి కూడా పోకూడదు. కొంగు సర్దుకోవడానికి గానీ, టాప్ కిందకి లాక్కోవడానికి గానీ, భుజం మీద స్ట్రాప్ కనపడుతోందేమో అని తడుముకోవడానికి గానీ పోకూడదు. మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి.

ఇది నాకు నా మొదటి ఇంటర్వ్యూలోనే తెలిసింది. ముందురోజే కొన్న టాప్ వేసుకెళ్ళాను, చాలా బాగుంది, అద్దంలో నిలబడి చూసుకుంటే ఏ లోపమూ లేదు, కానీ మెడ కాస్త వెడల్పు, కూర్చుని ముందుకి వంగితే ఒక భుజం మీంచి జారుతోంది. మూడో ప్రశ్న నా ప్రాజెక్ట్ గురించే అడిగారు, నాకు కంఠతా వచ్చిన విషయం, కానీ నా మనసంతా ఆ భుజం దగ్గరే ఉంది, సగం చెప్పి ఆగిపోయాను, బయటికొచ్చాక జవాబు మొత్తం గుర్తొచ్చి చాలా బాధపడ్డాను. తర్వాత చాలా ఏళ్ళకి బల్లకి ఇవతలి వైపు కూర్చుని ఇంటర్వ్యూలు చేశాను కదా, అక్కడా అదే చూశాను, మంచి జవాబు చెప్తూ చెప్తూ చున్నీ జారగానే మాట తెగిపోయేది. చున్నీ జారిందని మేం ఎవరికీ మార్కులు తగ్గించలేదు, కానీ తెగిన మాటకి మార్కులు వెయ్యలేం కదా. ఆ అమ్మాయిలకి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది అనిపించేది, ఈ పాఠం రాయడానికి కారణం అదే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆడవాళ్ళ బట్టల మీద తీర్పులు చెప్పడం ఎప్పట్నుంచో ఉంది, అది న్యాయం కాదు. ఆన్ హాప్కిన్స్ అనే ఆవిడ పేరు 1982లో అమెరికాలో ప్రైస్ వాటర్‌హౌస్ అనే పెద్ద ఆడిట్ కంపెనీలో పార్ట్‌నర్ పదవికి వచ్చింది, పని విషయంలో ఆవిడ రికార్డు చాలా గట్టిది, అయినా ఇవ్వలేదు, పైగా ఇంకాస్త ఆడదానిలా నడువు, ఆడదానిలా మాట్లాడు, మేకప్ వేసుకో, నగలు పెట్టుకో అని సలహా చెప్పారు. ఆవిడ కోర్టుకెళ్ళింది. ఆడవాళ్ళంటే ఇలాగే ఉండాలి అన్న మూస అభిప్రాయంతో ఉద్యోగ నిర్ణయం చెయ్యడం కూడా వివక్షే అని 1989లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఈ పాఠంలో ఎక్కడా అందంగా ఎలా కనపడాలి అని చెప్పను. మీ బుర్ర మొత్తం ప్రశ్న మీదే ఉండేలా బట్టలు ఎలా ఎంచుకోవాలో చెప్తాను.

మొదట ఎంత ఫార్మల్‌గా వెళ్ళాలో తేల్చుకోండి. అక్కడ పనిచేసేవాళ్ళు రోజూ ఏం వేసుకుంటారో దానికి ఒక మెట్టు పైన వేసుకోవాలి, అంతకంటే పెద్ద లెక్క లేదు. వాళ్ళు జీన్స్, టీషర్ట్ వేసుకునే చోటైతే మీరు ఫార్మల్ ప్యాంట్ మీద మంచి షర్టో, కాలర్ ఉన్న కుర్తానో వేసుకుంటే సరిపోతుంది, బ్యాంకు, లా ఆఫీసు, ఆడిట్ లాంటి చోటికైతే బ్లేజర్ ఉండటం మంచిది. ల్యాబ్, ఫ్యాక్టరీ, సైట్ పనులకి వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూ మధ్యలో లోపల తిప్పి చూపిస్తామంటారు, అప్పుడు వేళ్ళు కనపడే చెప్పులతో రానివ్వరు, వేలాడే చున్నీ ఉంటే మెషిన్ల దగ్గరికి వెళ్ళనివ్వరు. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉద్యోగుల ఫొటోలు చూడండి, అయినా తెలియకపోతే పిలిచినవాళ్ళకే ఒక మెసేజ్ పెట్టండి, "ఇంటర్వ్యూకి ఎలాంటి డ్రెస్ కోడ్ పాటించాలో చెప్పగలరా" అని, అందులో చిన్నతనం ఏమీ లేదు, నన్ను అడిగినవాళ్ళని నేను తయారై వస్తున్న మనుషులుగానే చూశాను. అప్పటికీ తేలకపోతే బ్లేజర్ వేసుకెళ్ళండి, అక్కర్లేదనిపిస్తే విప్పి చేతిమీద వేసుకోవచ్చు, లేనిదాన్ని అక్కడ తేలేరు కదా.

ప్యాంటా, స్కర్టా, చీరా, కుర్తానా అంటే మీకు రోజూ అలవాటున్నదే. ఏడాదికోసారి కట్టే చీర ఆ రోజే కట్టుకెళ్ళొద్దు, అలాగే జీవితంలో మొదటిసారి పెన్సిల్ స్కర్ట్ ఆ రోజే వెయ్యొద్దు. ఆడవాళ్ళు ప్యాంట్ వేసుకోవడం ఎక్కడైనా మామూలే అనుకుంటాం గానీ అమెరికా సెనేట్ సభలోకి ఆడవాళ్ళు ప్యాంట్‌తో వెళ్ళడం 1993 దాకా కుదరలేదు, బార్బరా మికల్‌స్కీ, కారోల్ మోస్లీ బ్రాన్ అనే సెనేటర్లు వేసుకుని వెళ్ళాకే ఆ పద్ధతి మారింది. అంటే ఈ ఫార్మల్ అనే మాటకి అర్థం మారుతూనే ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు.

ఇప్పుడు అసలైన భాగం, ఫిట్టింగ్. ఇక్కడ నిదానంగా చదవండి.

ముందు భుజం చూడండి. బ్లేజర్ గానీ షర్ట్ గానీ భుజం కుట్టు సరిగ్గా మీ భుజం ఎముక చివర ఆగాలి, చేతి మీదకి దిగిందంటే పెద్ద సైజు, మెడవైపుకి జరిగిందంటే చిన్న సైజు. ఎందుకు ముందు ఇదే చూడమంటున్నానంటే నడుము, చేతుల పొడవు, కింద అంచు ఇవన్నీ టైలర్ సులువుగా మార్చేస్తారు, భుజం మార్చాలంటే చెయ్యి మొత్తం విప్పి మళ్ళీ కుట్టాలి, ఒక్కోసారి కుదరదు కూడా. భుజం సరిపోనిది ఎంత నచ్చినా వదిలెయ్యండి. బ్లేజర్ చేతులు మణికట్టు ఎముక దగ్గర ఆగితే చాలు.

తర్వాత షర్ట్ గుండీల మధ్య సందు. నిలబడితే కనపడదు, చేతులు ముందుకి పెట్టి కూర్చుంటే ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య నోరు తెరుచుకుంటుంది, మనకి కనపడదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కనపడుతుంది. ఆ రెండిటి మధ్య లోపలి వైపు ఒక చిన్న ప్రెస్ బటన్ కుట్టించుకుంటే పోతుంది. అసలు షర్ట్ కొనేటప్పుడే ఛాతీకి సరిపోయే సైజు తీసుకుని నడుము దగ్గర తగ్గించుకోవడం మంచిది, నడుముకి సరిపోయేది కొని ఛాతీ దగ్గర పెంచుకోవడం మాత్రం కుదరదు.

స్కర్ట్ అయితే అద్దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి, నిలబడ్డప్పుడు మోకాలి దాకా ఉన్నది కూర్చుంటే బాగా పైకి పోతుంది. ప్యాంట్ పొడవు ఆ రోజు వేసుకునే బూట్లు వేసుకునే కొలుచుకోవాలి, వట్టి కాళ్ళతో కొలిస్తే తప్పు వస్తుంది. చీర అయితే కుచ్చిళ్ళకి లోపలివైపు ఒక పిన్ను, పైటకి భుజం మీద ఒక పిన్ను, పైట మడతలు పెట్టి కుట్టుకోండి, వేలాడే పైట మెట్లెక్కేటప్పుడూ తలుపు తీసేటప్పుడూ చెయ్యి అడుగుతుంది. చున్నీ ఉంటే రెండు వైపులా పిన్ను పెట్టండి లేకపోతే మానెయ్యండి. హిజాబ్ వేసుకునేవాళ్ళు జారే సిల్క్ కన్నా కాటన్ లేదా జెర్సీ బట్ట (టీషర్ట్‌లా కాస్త సాగే అల్లిక బట్ట) తీసుకుంటే మాటిమాటికీ సర్దుకోవక్కర్లేదు. వీల్‌చెయిర్‌లో వెళ్ళేవాళ్ళకి నడుము దాకా ఉండే పొట్టి జాకెట్ బాగుంటుంది, పొడుగుది ఒళ్ళో ముద్దలా పోగవుతుంది.

కొత్త బ్లేజర్ కొన్నారంటే వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా వేసిన దారం ఉంటుంది, చేతి మీద బ్రాండ్ గుడ్డముక్క కుట్టి ఉంటుంది, రెండూ షాపు దాకానే, ఇంటికి రాగానే కత్తిరించెయ్యండి. చాలామంది అది డిజైన్ అనుకుని అలాగే వేసుకుంటారు.

బట్ట సంగతికొస్తే, గుప్పిట్లో పట్టి పది సెకన్లు గట్టిగా నలిపి వదలండి. ముడతలు అలాగే ఉండిపోతే మీరు అక్కడికి చేరేసరికి మీ ఒళ్ళో కూడా అలాగే ఉంటాయి. లినెన్ అందుకే ఇంటర్వ్యూకి కష్టం, ఆ నార సాగి వెనక్కి రాదు, ఒకసారి మడత పడితే పడినట్టే. ఉన్ని కలిసిన బట్ట తనంతట తనే తేరుకుంటుంది, పాలిస్టర్ నలగదు గానీ చెమట పీల్చదు, నాకైతే కాటన్‌లో కొంచెం పాలిస్టర్ కలిసింది రెండు విధాలా బాగా నచ్చింది. చెమట ఎక్కువ పట్టేవాళ్ళు లేత బూడిద రంగు వదిలెయ్యండి, తడి మరక దాంట్లో కనపడినంత ఇంకేదాంట్లోనూ కనపడదు, ముదురు నీలం, తెలుపు నయం. చెమట తగ్గించే యాంటీపెర్స్పిరెంట్ పొద్దున్నే కాకుండా ముందు రాత్రి పొడి చంకలకి రాసుకోండి, అందులో ఉండే అల్యూమినియం లవణాలు చెమట తక్కువగా ఉన్నప్పుడే రంధ్రాల్లో బాగా నిలుస్తాయి.

తెల్ల షర్ట్ కిందకి తెల్ల లోదుస్తులు వేస్తే కనపడవనుకుంటాం, నిజానికి అవే ఎక్కువ కనపడతాయి, మీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నవి వెయ్యండి, వేసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో ఒకసారి చూసుకోండి. నెలసరి ఆ రోజుల్లో పడే అవకాశం ఉంటే కింద ముదురు రంగు ఎంచుకోండి, ఆ ఒక్క భయం తగ్గినా చాలా తేలిక.

బూట్ల విషయంలో హీల్స్ తప్పనిసరి అని ఎవరన్నా నమ్మొద్దు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2017లో రూలే మార్చేసింది, యజమానులు ఆడవాళ్ళని హైహీల్స్ వేసుకోమని బలవంతం చెయ్యకూడదని. మీకు అలవాటుంటే వేసుకోండి, లేకపోతే ముందు మూసి ఉన్న ఫ్లాట్స్ శుభ్రంగా తుడిచి వేసుకోండి. కొత్తవి కొంటే సాయంత్రం పూట కొనండి, పొద్దుటి కన్నా అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, తర్వాత వారం రోజులు ఇంట్లో వేసుకు తిరగండి, మడమ మీద బొబ్బ లేస్తే ఆలోచన అంతా అక్కడికే పోతుంది. గచ్చు మీద నడిచి చప్పుడు కూడా వినండి.

నగలు, సెంటు, జుట్టు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మోగేవి వద్దు, ఊగేవి వద్దు, సెంటు మానేస్తే ఇంకా మంచిది, చిన్న గదిలో ఎదుటివాళ్ళకి తలనొప్పి రావచ్చు. జుట్టు కళ్ళమీద పడకపోతే చాలు, తీరు మీ ఇష్టం.

వీడియో ఇంటర్వ్యూ అయితే సన్న గీతలు, చిన్న గళ్ళు వద్దు, కెమెరాలో అవి అలల్లా కదుల్తూ కనపడతాయి. తెల్లటి తెలుపు ఎక్కువగా ఉంటే కెమెరా వెలుతురు తనే తగ్గించుకుని మొహం నల్లబరుస్తుంది, మధ్యస్థంగా ఉండే నీలం, ఆకుపచ్చ, మెరూన్ లాంటివి ప్లెయిన్‌గా వేసుకోండి. కిందకి కూడా సరైనవే వేసుకోండి, ఛార్జర్ కోసమో తలుపు కోసమో లేవాల్సి రావచ్చు. పొడుగు లోలాకులు ఇయర్‌ఫోన్ మైక్‌కి తగిలి టకటకమంటాయి.

వీటన్నిటికీ కొత్తవి కొనాలని లేదు. ఉన్నవాటిలో ఒక్క జత, అక్కదో ఫ్రెండ్‌దో అడిగి తీసుకున్నదైనా సరే, టైలర్ దగ్గర సరిచేయించి ఇస్త్రీ చేసి పెట్టుకుంటే అన్ని రౌండ్లకీ అదే సరిపోతుంది, ఒకే డ్రెస్ మళ్ళీ వేశారని ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళని నేను చూడలేదు.

అభ్యాసం. ఇది చదివి వదిలెయ్యకుండా ఇంటర్వ్యూకి కనీసం వారం ముందు తప్పకుండా చెయ్యండి, ఏదైనా సరిచేయించాలంటే టైలర్‌కి టైమ్ కావాలి.

లోపలివి, బూట్లు, బ్యాగు, ఫైలు అన్నీ సహా మొత్తం వేసుకోండి. ఒక పది నిమిషాలు బయట నడిచి, మెట్లు ఎక్కి దిగి రండి. ఫోన్‌ని ఎదురుగా నిలబెట్టి వీడియో ఆన్ చేసి, చేతులు లేని మామూలు కుర్చీలో కూర్చోండి, ఇంట్లో ఎవర్నైనా ప్రశ్నలు అడగమనండి, ఎవరూ లేకపోతే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మీరే చదువుకుని జవాబు చెప్పండి. 3వ పాఠంలోని రెండు నిమిషాల మాటతో మొదలుపెట్టి నలభై నిమిషాలు ఆగకుండా చెయ్యండి. మధ్యలో ఒకసారి కింద పడ్డ పెన్ను వంగి తియ్యండి, ఒకసారి లేచి చెయ్యి చాచి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు చెయ్యండి.

తర్వాత వీడియోని సౌండ్ ఆపేసి చూడండి. మాటలు వినపడితే మన దృష్టి జవాబుల మీదకి పోతుంది, అందుకే సౌండ్ వద్దు. చెయ్యి బట్టల మీదకి, జుట్టు మీదకి, చెవి మీదకి ఎన్నిసార్లు వెళ్ళిందో నోట్‌బుక్‌లో గీతలు పెట్టండి, ప్రతి గీత పక్కన ఎక్కడికి వెళ్ళిందో రాయండి. మెడ దగ్గరే ఐదు గీతలు ఉన్నాయంటే సమస్య ఆ మెడ, అక్కడ ఒక పిన్నో కుట్టో వెయ్యండి లేకపోతే టాప్ మార్చండి. సరిచేసి రెండ్రోజుల తర్వాత ఇంకోసారి చెయ్యండి, సున్నా వచ్చేదాకా. నేను చెప్పి చేయించిన అమ్మాయిల్లో ఒకామెకి మొదటిసారి ముప్పైకి పైగా వచ్చాయి, దాదాపు అన్నీ ఒకే చోట, చేతుల మడత జారిపోవడం వల్ల, ఆ మడత లోపల రెండు కుట్లు వేయించుకుంది, రెండోసారి మూడే వచ్చాయి.

ఆ వీడియో డిలీట్ చెయ్యకండి. 5వ పాఠం గదిలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి మొదటి ప్రశ్న దాకా ఏం చెయ్యాలన్నది, కూర్చోవడం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరి వైపు చూడాలి అన్నవి ఆ వీడియోతోనే చూద్దాం.