మాసచూసెట్స్‌లో రాఫ్ట్ నిధులకు కోత పడకుండా అడగడం ఎలా?

మాసచూసెట్స్‌లో అద్దె బాకీ పడి, ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందుకున్న కుటుంబానికి పెద్ద ఆధారం రాఫ్ట్ (RAFT) అనే రాష్ట్ర అద్దె సాయం పథకం. పన్నెండు నెలల్లో గరిష్ఠంగా 7 వేల డాలర్లు వస్తాయి. కరోనా కాలంలో అమెరికా కాంగ్రెస్ రెండు విడతల్లో ఇచ్చిన సుమారు 4,655 కోట్ల డాలర్ల అత్యవసర అద్దె సాయం వేరు. ఆ డబ్బు అయిపోయింది. రాఫ్ట్ నడిచేది రాష్ట్ర బడ్జెట్ మీద. అందుకే ఏటా శాసనసభ్యులను మళ్లీ అడగాలి.

అడిగేటప్పుడు బడ్జెట్‌లో రాఫ్ట్‌కున్న పద్దు నంబరు చెప్పండి: 7004-9316. "పేదలకు సాయం చేయండి" అని రాస్తే ఆ ఉత్తరం ఏ లెక్కలోకీ రాదు. 2025 ఆర్థిక సంవత్సరంలో ఈ పద్దుకు 19.74 కోట్ల డాలర్లు కేటాయించారు. అంకె ఒక్కటే చూసుకుంటే పొరపాటే, పద్దు కింద రాసే షరతులూ అంతే ముఖ్యం. 2023 జూలై నుంచి, నోటీసు చేతికొచ్చాకే అద్దె బాకీకి దరఖాస్తు చేసుకోవాలనే షరతు వచ్చింది. ఒక నెల బాకీ దగ్గరే తీరిపోయేది, కోర్టు గుమ్మం దాకా పెరుగుతోంది. ఈ షరతు తీసేయమని తప్పకుండా అడగండి.

ఇక సమయం. గవర్నర్ బడ్జెట్ జనవరిలో వస్తుంది (కొత్త గవర్నరైతే కాస్త ఆలస్యం). ప్రతినిధుల సభ ముసాయిదా ఏప్రిల్‌లో, సెనేట్‌ది మేలో. ముసాయిదా వచ్చాక సభ్యులకు సవరణలు వేయడానికి దొరికేది రెండు మూడు రోజులే. కాబట్టి మార్చిలోనే మీ ప్రతినిధితో మాట్లాడి ఉంచండి. సవరణ నంబరు రాగానే మళ్లీ ఫోన్ చేసి, దానికి మద్దతుగా సంతకం చేయమనండి. జూన్‌లో ఉభయ సభల నుంచి ముగ్గురేసి కూర్చుని తేడాలు సర్దుతారు. రెండు సభలూ ఒకే అంకె రాసేస్తే అక్కడ మార్చడానికి ఏమీ మిగలదు. చాలామంది ఆలస్యంగా మేల్కొనేది ఇక్కడే.

ఫోన్ ఎత్తేది ప్రతినిధి సహాయకులు. వాళ్లను తక్కువగా చూడకండి, మీ మాట కాగితం మీద పెట్టేది వాళ్లే. ఇలా చెబితే చాలు: "నేను మీ నియోజకవర్గంలో ఉంటాను. 7004-9316 పద్దుకు కోత వద్దు. నోటీసు షరతు తీసేయాలి. ప్రతినిధి సవరణపై సంతకం చేస్తారా? శుక్రవారం మళ్లీ ఫోన్ చేస్తాను." చెప్పినట్టే శుక్రవారం చేయండి. ఓటు లేకపోయినా, హెచ్-1బీ మీద ఉన్నా అడగవచ్చు.

రాతపూర్వకంగా పంపేది ఒక పేజీ దాటకూడదు. ఒక కుటుంబం సంగతి, వాళ్ల అనుమతితో, పేరు లేకుండా రాయండి: అద్దె ఎంత, ఎన్ని నెలల బాకీ, నోటీసు తేదీ, దరఖాస్తు తేదీ, డబ్బు అందిన తేదీ. ఆ తేదీల మధ్య దూరమే బలమైన వాదన. కాగితాలు పూర్తిగా అందక, యజమాని స్పందించక ఆగిపోయిన దరఖాస్తు ఉంటే అదీ రాయండి. 2023 నవంబరులో రాష్ట్రం ఇల్లు లేని కుటుంబాలుండే అత్యవసర షెల్టర్లకు 7,500 కుటుంబాల పరిమితి పెట్టిన సంగతి గుర్తు చేయండి. ఇల్లు పోతే వెళ్లే చోటుకూ హద్దు ఉందని సభ్యులకు అర్థమవుతుంది.

బడ్జెట్ చేరాక గవర్నర్‌కు పది రోజుల గడువు. గవర్నర్ పద్దును తగ్గించగలరు, పెంచలేరు. తగ్గిస్తే, వీటోను తోసిపుచ్చడానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి; ఆ వారమే మళ్లీ ఫోన్ చేయండి.