బ్యాటరీ బొమ్మల లిస్టింగ్ బ్లాక్ అయితే నాకు పనిచేసింది ఇదీ (నా అనుభవం)

మాది విజయనగరం, తయారీదారు దగ్గర బొమ్మలు కొని ఆన్‌లైన్లో అమ్ముతాను. సైటు వాళ్లు ఒక బ్యాటరీ కారు లిస్టింగ్ (అమ్మకపు పేజీ) బ్లాక్ చేసి బీఐఎస్ (వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పేపర్లు పెట్టమన్నారు. జీఎస్టీ సర్టిఫికెట్, బిల్లు, ప్రైవేట్ ల్యాబ్ రిపోర్ట్, తయారీదారు పంపిన లైసెన్స్ కాపీ, ఏది పెట్టినా రిజెక్టే.

చివరికి డబ్బా తీసి ఐఎస్ఐ గుర్తు దగ్గరగా చూశాను. గుర్తు పైన ఐఎస్ నంబరు (ఏ ప్రమాణం ప్రకారం చేశారో చెప్పేది), కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉంటాయి. ఆ కింది నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరిది, ఇంకా నడుస్తోందా లేదా అన్నీ వచ్చేస్తాయి. అక్కడ దొరికింది అసలు తేడా: డబ్బా మీద ఐఎస్ 15644 ఉంది, అది కరెంటు, బ్యాటరీ బొమ్మలకి, నాకు పంపిన కాపీ ఏమో ఐఎస్ 9873ది, అంటే మామూలు బొమ్మలది. తయారీదారుకి ఫోన్ చేసి "బాబూ, 15644 లైసెన్స్ కాపీ పంపించండి" అన్నాను, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పెట్టారు. ఆ కాపీ, రెండు నంబర్లూ చదవడానికి వీలుగా తీసిన డబ్బా ఫొటో, అదే తయారీదారు పేరున్న బిల్లు, మూడూ కలిపి పెట్టాక లిస్టింగ్ తెరుచుకుంది.

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, ల్యాబ్ రిపోర్ట్ ఒక్కటే చాలదు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులండీ, అడగడమే న్యాయం. మీ సైటు వేరే పేపర్లు అడగొచ్చు, నాది ఇక్కడ తయారైన సరుకు కాబట్టి విదేశీ సరుకుకి ఇదే దారి అని చెప్పను. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర రిజిస్టరైన కళాకారులు సొంతంగా చేసి అమ్ముకునే బొమ్మలకైతే ఈ రూల్ నుంచి మినహాయింపు ఉంది, వాళ్లు ఆ రిజిస్ట్రేషన్ కార్డు పెట్టి అడగండి.