కథలు రాద్దాం – 6వ పాఠం: మావయ్య చేత అబద్ధం ఆడించండి

పోయిన పాఠంలో మీకు బాగా నచ్చిన పాత్రను తీసుకుని, అలాంటి మనిషిని మీ ఊళ్లో పుట్టించి ఒక పేజీ రాయమన్నాను. అమలాపురం, రాజోలు, యానాం నుంచి వచ్చినవన్నీ చదివాను. ఈసారి సంభాషణలు చెబుదామనుకున్నాను గానీ, ముందు ఇది తేలాలి.

చాలామంది తంగిరాల శంకరప్పనే ఎంచుకున్నారు. సంతోషం. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’లోని ఆ చదరంగం ఆటగాడంటే నాకూ ప్రాణం. కానీ మీ పేజీల్లోకి వచ్చేసరికి అతను మీ మావయ్య అయిపోయాడు. కష్టజీవి, మాట తప్పడు, అందరికీ తల్లో నాలుక. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరితోట మొత్తం పడిపోయినా నవ్వుతూనే ఉన్నాడు. పేజీ అయిపోయింది, కథ మొదలవలేదు.

మీకు మావయ్యంటే ప్రేమ. ఇష్టమైన మనిషిని ఉన్నదున్నట్టు దింపేస్తే అతని చేత తప్పు చేయించడానికి చెయ్యి రాదు. అబద్ధం ఆడించలేరు, అప్పు ఎగ్గొట్టించలేరు. పండక్కి వెళ్తే అత్తయ్య ఏమంటుందోనన్న టెన్షన్ ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. శాస్త్రిగారు శంకరప్పని ఆటలో కూచోబెడతారు. అతను బహుమతిగా అడిగేది వడ్లగింజలు. చదరంగం బల్ల మీద ఒకటో గడికి ఒక గింజ, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, ఇలా 64 గళ్లకీ రెట్టిస్తూ పోతే ఏ సంస్థానం గాదెలూ చాలవు. ఆ కోరికలో మనిషి మొత్తం ఉన్నాడు. పొగడాల్సిన పనేముంది?

పాత్రకి పేరు, వయసు, ఊరు ఎలా పెట్టాలో మీకు తెలిసిందే. నేనైతే చేతులతో మొదలుపెడతాను. అంబాజీపేట వైపు కొబ్బరికాయ ఒలిచేవాళ్లని చూడండి. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి మెలి తిప్పితే పీచు విడిపోతుంది. కూలి కాయల లెక్కన. వాళ్లలో ఒకాయన ఒలిచిన ప్రతి కాయనీ చెవి దగ్గర ఆడించి, నీళ్ల చప్పుడు విని గుట్టలో వేసేవాడు. ఆ అలవాటొక్కటే తీసుకున్నాను. దాన్ని ఒక ఆడమనిషికిచ్చాను. కొడుకు గల్ఫ్ వెళ్లడానికి చేసిన అప్పు ఆమె నెత్తిన పెట్టాను. సాయంత్రం లెక్క చెప్పేటప్పుడు వంద కాయలు ఎక్కువ చెప్పించాను. షావుకారు మళ్లీ లెక్కపెట్టమంటే ఏం చేస్తుంది? అది తెలుసుకోవడానికే రాశాను.

‘ఎందుకు రాస్తున్నారు’ అని నేనడిగినదానికి ‘సమాజంలో మార్పు కోసం’ అని జవాబిచ్చినవాళ్లు ఇది గమనించండి. ఆశయం మంచిదే. దానితో మొదటి వాక్యం మాత్రం పుట్టదు. వరదొచ్చినా గోదావరి లంక వదిలి రానన్న ముసలామె ఎందుకలా అందో తేలక మీకు నిద్ర పట్టకపోతే, రాయడానికి ఆ కారణం చాలు.

అభ్యాసం: మావయ్యనే మళ్లీ తీసుకోండి. పేరు, వయసు, వృత్తి, మీతో చుట్టరికం అన్నీ తీసేసి ఒక్క అలవాటు ఉంచండి. సఖినేటిపల్లిలో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం రేవులో దిగేలోపు అతను పక్కవాడితో ఒక అబద్ధం ఆడాలి. అది కేవలం తన లాభం కోసం ఆడాలి, పిల్లల కోసమనో తల్లి కోసమనో తప్పించుకోకూడదు. ‘మంచి’, ‘పాపం’, ‘అమాయకం’ అన్న మాటలు ఎక్కడా పడకూడదు. నాలుగు పేజీలు, చేత్తో రాయండి. కొట్టివేతలతో సహా పంపండి, తిరగరాసిన కాపీ వద్దు. మీ చెయ్యి ఎక్కడ వెనకాడిందో నాకు కనబడాలి.