గాలం గట్టిగా దిగాలంటే రాడ్డు బిరుసు ఎలా సరిచేసుకోవాలి?

కండలేరు జలాశయంలో బొచ్చె కోసం కొన్న రాడ్డుతో ఊరచెరువు తూటికాడల మధ్య కొరమీనుకు గాలమేస్తే చేప కొరుకుతుంది కానీ గాలం దిగదు. కొరమీను రాడ్డుతో బొచ్చెను విదిలించి లాగితే మూతి చినిగి జారిపోతుంది. రెండు చోట్లా చేతివాటాన్ని తప్పుపడతాం కానీ, చాలాసార్లు తేడా బిరుసులోనే ఉంటుంది. ఆ బిరుసు రాడ్డు ఒక్కదానిదే కాదు. గాలం మొన, దారం, రీలు డ్రాగ్ (చేప లాగినప్పుడు రీలు దారాన్ని వదిలే బిగువు), రాడ్డు నాలుగూ కలిస్తేనే అది తెలుస్తుంది. అందుకే సవరింపు తేలికైన వాటితో మొదలుపెట్టి, రాడ్డు కొయ్యడాన్ని ఆఖరికి ఉంచుకోవాలి.

ముందు కొలవండి

రాడ్డు మీద లైట్, మీడియం, హెవీ అని రాసేది ఎంత బరువుకు వంగుతుందో చెబుతుంది. ఫాస్ట్, మోడరేట్ అన్నది ఎక్కడ వంగుతుందో చెబుతుంది. ఫాస్ట్ అయితే కొస మాత్రమే వంగుతుంది, మోడరేట్ అయితే నడుము దాకా వంగుతుంది. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో సరిపోదు కాబట్టి కొలత మీరే తీసుకోండి.

రాడ్డు పిడిని బల్ల అంచున అడ్డంగా, కదలకుండా కట్టండి. కొస నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. అర లీటరు నీళ్ల సీసాలో 200 మిల్లీలీటర్లు పోసి కొస రింగుకు వేలాడదీసి మళ్లీ కొలవండి. నీళ్లు మిల్లీలీటరుకు ఒక గ్రాము కాబట్టి వేరే తూకపు రాళ్లు అక్కర్లేదు. కొస ఎన్ని అంగుళాలు దిగిందో, వంపు ఎక్కడ మొదలైందో రాసుకోండి. సన్న రాడ్డయితే 100తో ఆపేయండి.

రెండో కొలత లాగుడుది. గాలం తీసేసి, దారం కొసను స్ప్రింగ్ త్రాసుకు కట్టి, ఇంకొకరిని 15 అడుగుల దూరంలో పట్టుకోమనండి. ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకోండి. చేప కొరికినప్పుడు లాగినట్టే లాగితే ముల్లు ఎంత చూపిస్తుందో గమనించండి. ఎంతో గట్టిగా లాగామనుకున్నవాళ్లు కూడా ఆ అంకె చూసి ఆశ్చర్యపోతారు. బలంలో ఎక్కువ భాగం రాడ్డు వంపులో, దారం సాగుడులో కలిసిపోతుంది.

గాలం, దారం, డ్రాగ్

గాలం మొనను బొటనవేలి గోరు మీద బరువు పెట్టకుండా జరపండి. గీత పడి నిలిస్తే పదును ఉన్నట్టు. జారిపోతే సన్న ఆకురాయితో మొన వైపుకు మూడు నాలుగు సార్లు గీయండి. లావు తీగ గాలం దిగాలంటే ఎక్కువ బలం కావాలి కాబట్టి మెత్తని రాడ్డుకు సన్న తీగ గాలమే కట్టండి. గుండ్రంగా లోపలికి తిరిగిన సర్కిల్ గాలమైతే అసలు విదిలించకూడదు. రీలు నిదానంగా తిప్పుతూ బరువు పడనిస్తే మూతి మూలలో అదే దిగుతుంది.

దారం మారిస్తే బిరుసు ఎంతో మారుతుంది. మామూలు నైలాన్ దారం బాగా సాగుతుంది, అల్లిన దారం దాదాపు సాగదు. రాడ్డు మెత్తగా ఉండి గాలం దిగకపోతే అల్లిన దారం వేయండి. రాడ్డు మరీ బిరుసై చేపలు ఊడిపోతుంటే అల్లిన దారం కొసకు రెండు మూడు మీటర్ల నైలాన్ ముక్క కట్టండి. అది విదిలింపు దెబ్బను మింగేస్తుంది.

డ్రాగ్‌ను దారం తెగే బరువులో పావు వంతుకు బిగించండి. 20 పౌండ్ల దారం అంటే సుమారు 9 కిలోలు, దానికి రెండు కిలోల పైచిలుకు. త్రాసు తగిలించి లాగితేనే ఇది తెలుస్తుంది, చేతి అంచనా పనికిరాదు. డ్రాగ్ వదులైతే రాడ్డు ఎంత బిరుసైనా చేప కొరికినప్పుడు రీలు కిర్రుమంటుంది కానీ గాలం దిగదు.

ఏ చేపకు ఎంత?

గుర్రపుడెక్క, తూటికాడల్లో రబ్బరు కప్ప ఎరతో కొరమీను పట్టాలంటే హెవీ రాడ్డు, 40 పౌండ్ల అల్లిన దారం ఉండాలి. కప్పకుండే లావు జంట గాలాలు దిగాలి, పైగా చేపను కాడల్లోంచి వెంటనే బయటికి లాగాలి. నీళ్లు చిట్లగానే లాగితే కప్ప ఒక్కటే ఎగిరి వస్తుంది. దారం మీద బరువు తెలిశాకే లాగండి. బొచ్చె దవడకు పళ్లుండవు, మూతి మెత్తన. తవుడు ముద్దకు, బెండుకు మీడియం రాడ్డు, నడుము దాకా వంగేది మేలు. మణికట్టుతో చిన్న విదిలింపు చాలు. కృష్ణపట్నం పాయల్లో, బకింగ్‌హాం కాలువలో దొరికే పండుగప్ప దవడ గట్టిది. దానికి బిరుసు రాడ్డు కావాలి. మొప్ప అంచు కత్తిలా కోస్తుంది కాబట్టి గాలం దగ్గర రెండడుగుల లావు నైలాన్ ముక్క తప్పనిసరి.

ఇక కొస కొయ్యడం

ఇవన్నీ చూశాక కూడా మెత్తగానే ఉంటే కొస తగ్గించండి. కొసే అన్నిటికంటే సన్నది కాబట్టి అక్కడ ఒక్క అంగుళం పోయినా తేడా తెలుస్తుంది. కోసింది మళ్లీ రాదు. ఒకసారికి ఒక్క అంగుళం, మొత్తం మీద నాలుగు దాటొద్దు.

కొయ్యాల్సిన చోట మాస్కింగ్ టేపు రెండు చుట్లు చుట్టండి. మూడు పలకల ఆకురాయితో రాడ్డును తిప్పుతూ చుట్టూ గాడి పెట్టి, అది లోతయ్యాక కొయ్యండి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే కార్బన్ నారలు నిలువునా చీలుతాయి. ఆ చీలిక అప్పుడు కనబడదు, పెద్ద చేప పడ్డ రోజున విరుగుతుంది. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి తడి గుడ్డ పెట్టుకుని, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయండి. కోసిన అంచును 400 నంబరు గరుకు కాగితంతో నున్న చేయండి.

పాత కొస రింగు ఇప్పుడు పట్టదు. కొత్త కొస మందాన్ని వెర్నియర్‌తో కొలిచి దానికి సరిపడేది కొనండి. గ్లూ గన్ జిగురు కడ్డీని కరిగించి రాడ్డు కొసకు పూసి, రింగు గొట్టాన్ని వేడి చేసి తొడగండి. మంట రాడ్డుకు తగలకూడదు. జిగురు ఆరేలోపు పిడి వైపు నుంచి ఒంటికన్నుతో చూసి రింగులన్నీ ఒకే గీతలోకి తెండి. తర్వాత సీసా వేలాడదీసి మళ్లీ కొలవండి.

బిరుసు తగ్గించాలని రాడ్డును గరుకు కాగితంతో అరగదీయడం మాత్రం ఎప్పుడూ వద్దు. బలంలో ఎక్కువ భాగం మోసేవి పై నారలే. వెదురు కర్రకైతే కొస వైపు కోసినా, అడుగున మూడో వంతుకు సన్న వెదురు బద్ద ఆనించి నైలాన్ దారంతో దగ్గరదగ్గరగా చుట్టి వార్నిష్ పూసినా బిరుసు పెరుగుతుంది. పచ్చి వెదురును నీడలోనే ఆరబెట్టండి, ఎండలో పెడితే కణుపుల మధ్య పగులుతుంది.

కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. చెరువు గట్ల మీద మోటార్లకు వేసిన వైర్లు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి. విదిలించి లాగే ముందు తలెత్తి చూడండి. ఉరుము వినబడితే రాడ్డు ముడిచి గట్టు దిగేయండి.