నెలాఖరు సంచిని ముందు కట్టండి

తిండికే కటకటగా ఉండే ఇంట్లో ఒళ్లు ఎలా వస్తుందని నన్ను తరచూ అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనుక అనుమానం వినిపిస్తే మనసు చివుక్కుమంటుంది. నగరంలోని పేదవాడల్లో ఇల్లిల్లూ తిరిగి భోజనం గురించి మాట్లాడటం నా ఉద్యోగం. నేను పుట్టి పెరిగిందీ అలాంటి ఇంట్లోనే. మా అమ్మ లావును అందరూ చూశారు. నెలాఖరులో ఆమె మంచినీళ్లు తాగి పడుకున్న రాత్రులు మాకు మాత్రమే తెలుసు.

1995లో విలియం డీట్జ్ అనే అమెరికా పిల్లల వైద్యుడు, ఆకలి వల్ల ఊబకాయం వస్తుందా అన్న ప్రశ్ననే పేరుగా పెట్టి ఒక చిన్న వ్యాసం రాశారు. డబ్బు లేని రోజుల్లో ఆకలి ఆపుకోవడానికి కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి మీద ఆధారపడిన ఒక కుటుంబం గురించి అందులో చెప్పారు. చదివినప్పుడు మా ఇంటి గురించే రాసినట్టు అనిపించింది.

మీ ఇల్లూ అలాంటిదేనా అని తెలుసుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. గడచిన 12 నెలల్లో, మళ్లీ డబ్బు వచ్చేలోపు సరుకులు అయిపోతాయేమోనని బెంగపడ్డారా? కొన్నవి సరిపోక, మళ్లీ కొనే డబ్బు లేక ఇబ్బంది పడ్డారా? ఏ ఒక్కదానికి అవునన్నా, బరువు తగ్గాలని పూటలు మానేసే ఆలోచనను పక్కన పెట్టండి. మీకు ముందు కావలసింది అన్ని రోజులూ ఒకేలా తినగలగడం.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇంట్లో ఎవరైనా ఒక పూట మానేసినా, సగం కడుపుతో లేచినా ఆ తేదీ పక్కన చుక్క పెట్టండి. ఎవరో కూడా రాయండి. ఒక్క నెలలోనే మీకు లోటు రోజులు కనిపిస్తాయి. చాలా ఇళ్లలో చుక్కలన్నీ చివరి పది రోజుల్లో, అదీ ఒక్క మనిషి పేరు పక్కనే పడతాయి.

తర్వాతి నెల డబ్బు చేతికి రాగానే సరుకులను మూడు సంచుల్లో కట్టండి. ముందుగా కట్టాల్సింది చివరి పది రోజుల సంచి. ధాన్యం, పప్పులు, నూనె కొలిచి అందులో వేసి, మూతి బిగించి, చేతికి అందని చోట పెట్టండి. వారం కూలి అయితే చివరి రెండు రోజులకు ఇలాగే చేయండి. మొదటి వారంలో పళ్లెం కొంచెం చిన్నదైనట్టు అనిపిస్తుంది. పిల్లలు అడుగుతారు కూడా. అయినా ఇది వదలకండి, ఎందుకంటే కొన్నాళ్లు మాడిన శరీరం తిండి దొరకగానే మామూలుగా తినలేదు. 1944, 45లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, తమకు తాముగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అరకొర భోజనం పెట్టారు. ఆ తర్వాత కావలసినంత తినే వీలు రాగానే వాళ్లలో చాలామంది కడుపు నిండినా ఆపలేకపోయారు. జీతం రోజు రాత్రి మీరు రెండింతలు తింటే అది తిండిపోతుతనం కాదు, ముందటి పది రోజుల ఆకలి తీర్చుకోవడం.

ఇక నూనె. గ్రాము నూనెలో 9 కేలరీలు ఉంటాయి, పిండిపదార్థంలోనూ మాంసకృత్తుల్లోనూ 4. తక్కువ డబ్బుతో కడుపు నింపాలంటే చెయ్యి నూనె, చక్కెర, మైదా వైపే పోతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ కొలవాలి. ఒకసారి ఒక ఇల్లాలిని రోజూ పోసినట్టే సీసా వంచి ఖాళీ గిన్నెలో పోయమన్నాను. ఆ నూనెను పెద్ద చెంచాతో తోడి చూశాం. నలుగురి కూరకు ఏడు చెంచాలు. ఒక్కో చెంచా దాదాపు 120 కేలరీలు. "ఇంతేనా పోసింది, ఇంకా ఎక్కువ పోస్తాను" అని ఆమె నిజాయితీగా చెప్పింది. మానేయమని నేను అనలేదు. ఐదు చెంచాలకు దించాం, చెంచాను దారంతో సీసా మెడకు కట్టాం. మిగిలిన నూనె డబ్బు పప్పులకు, గుడ్లకు వెళ్లింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది తల్లి పళ్లెం. అందరికీ వడ్డించి, తనకు గిన్నె అడుగు మిగుల్చుకుంటుంది. పొద్దున్నుంచీ టీలో చక్కెరతో నెట్టుకొచ్చి, రాత్రి పిల్లలు వదిలినవన్నీ పారేయలేక తింటుంది. బరువు పెరుగుతుంది, రక్తం మాత్రం తక్కువగానే ఉంటుంది. లావుగా ఉన్న మనిషికి రక్తహీనత ఉండవచ్చని ఇంట్లోవాళ్లకు తోచదు, అందుకే పరీక్ష చేయించండి. వడ్డించేటప్పుడు ఆమె పళ్లెం కూడా అందరి పళ్లేలతోపాటే పెట్టండి. పప్పు, గుడ్డు ముందుగా ఆ పళ్లెంలో పడాలి. ఈ పని భర్తకో పెద్ద పిల్లకో అప్పగిస్తే జరుగుతుంది. తల్లికే వదిలేస్తే జరగదు.

పిల్లలు లావుగా ఉంటే అన్నం తగ్గించకండి. ఎదిగే వయసు కాబట్టి, డాక్టరు వేరేగా చెబితే తప్ప, బరువు పెరగడం నెమ్మదిస్తే చాలు, పొడవు దాన్ని అందుకుంటుంది. తీపి పానీయాల బదులు నీళ్లు ఇవ్వండి. ప్యాకెట్ తిండి గురించి నేను కోప్పడను. తల్లిదండ్రులిద్దరూ పొద్దుపోయాక ఇల్లు చేరే చోట ఆ ప్యాకెట్టే సాయంత్రం ఆకలి తీరుస్తోంది. కానీ అమెరికాలో 20 మందితో జరిపి 2019లో ఫలితాలు ప్రచురించిన ప్రయోగంలో, కర్మాగారాల్లో బాగా శుద్ధి చేసి తయారుచేసిన తిండి పెట్టిన రెండు వారాల్లో, అలా శుద్ధి చేయని తిండి పెట్టిన రెండు వారాలకంటే వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఫ్రిజ్ లేకపోయినా వేయించిన గింజలు, పప్పులు డబ్బాలో నిలవుంటాయి. పిల్లల చేతికి అందేలా పెట్టండి.

ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉంటే ఈ ఒక్క పని ఆలస్యం చేయకండి. ఇన్సులిన్ తీసుకుని, లేదా కొన్ని రకాల మాత్రలు వేసుకుని భోజనం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. నెలాఖరులో పూటలు తప్పుతున్నాయని డాక్టరుకు చెప్పాలి. మందు మోతాదు దాన్ని బట్టి ఉంటుంది. నోటితో చెప్పడానికి సిగ్గనిపిస్తే, చుక్కలు పెట్టిన ఆ పేజీ తెరిచి డాక్టరు బల్ల మీద పెట్టండి.