అపార్ట్‌మెంట్ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు): సెట్లింగ్ ట్యాంక్‌లో బురద పైకి తేలుతోందా?

సమస్య: బురద అడుగుకు దిగి తేట నీరు పైన మిగలాల్సిన సెట్లింగ్ ట్యాంక్ మీద గోధుమరంగు బురద ముద్దలు, వాటి చుట్టూ సన్నటి బుడగలు. ఫ్లష్‌కి వెళ్లే నీళ్లు మడ్డిగా వస్తున్నాయని ఫ్లాట్ల వాళ్ల ఫిర్యాదు.

బురద నల్లగా మారి కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి కొట్టే బ్లోయర్ చూడండి. కరెంటు ఖర్చు తగ్గుతుందని రాత్రంతా ఆపేస్తుంటారు. అది మానేస్తే చాలు.

గోధుమరంగే అయితే బ్యాక్టీరియా ఉండే కల్చర్ పౌడర్ కొనే ముందు ఒక్క పరీక్ష చేయండి. పైసా ఖర్చు లేకపోయినా దీన్ని ఎవరూ చివరిదాకా చేయరు. గాలి ఊదే ఏరేషన్ ట్యాంక్ నీళ్లు ఒక లీటరు గాజు కొలజాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. బురద చక్కగా దిగి పైన తేట నీరు కనిపిస్తే "అంతా బాగుంది" అని జాడీ కడిగేస్తారు. మోసపోయేది అక్కడే. ఇంకో రెండు గంటలు అలాగే వదిలేయండి. దిగిన బురద ముద్దలుగా పైకి లేస్తే పుల్లతో మెల్లగా కలపండి. బుడగలు వదిలి మళ్లీ కిందికి దిగిందంటే కారణం దొరికినట్టే.

కారణం: ఏరేషన్‌లో అమోనియా నైట్రేట్‌గా మారుతుంది. సెట్లింగ్ ట్యాంక్ అడుగున బురద ఎక్కువసేపు ఉండిపోతే అక్కడ ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నైట్రోజన్ వాయువు వదులుతుంది. ఆ బుడగలే బురదను పైకి లేపుతాయి. ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఇది తెలియక గాలి పెంచితే నైట్రేట్ ఇంకా పెరుగుతుంది. జల్లెడతో తోడేస్తే రేపు మళ్లీ తేలుతుంది.

పరిష్కారం: బురద ఏరేషన్ ట్యాంక్‌కి వెనక్కి వెళ్లే రిటర్న్ పైపు చివర నిలబడి ధార కళ్లారా చూడండి. మోటారు శబ్దం విని సరిపెట్టుకోవద్దు. వెట్ వైప్స్, జుట్టు అడ్డుపడి ధార సన్నబడి ఉంటుంది. దాన్ని తీసి రిటర్న్ పెంచండి. ట్యాంక్ వాలు గోడలకు పట్టిన బురదను పొడవాటి కర్రతో పైనుంచే కిందికి గీకండి. దీనికోసం మనిషిని లోపలికి దించొద్దు, లోపల పేరుకున్న విషవాయువులకి ప్రాణాలు పోతాయి. ముదిరిన బురదను రోజూ కొంచెం కొంచెంగా, నీళ్లు పిండేసే ఫిల్టర్ ప్రెస్‌కి పంపండి, ఒక్కసారే ఖాళీ చేయొద్దు. ఏరేషన్ ట్యాంక్‌లో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే చాలు. 4, 5 ఉంటే గాలి తగ్గించండి.

యాసిడ్, బ్లీచింగ్ ఎక్కువగా పడి బ్యాక్టీరియా చచ్చిపోవడం, దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరగడం వేరే సమస్యలు. మొదటిదాంట్లో నీళ్లు ఉన్నట్టుండి మడ్డిబారతాయి, రెండోదాంట్లో బురద అరగంటకు కూడా దిగదు. రిటర్న్ సరిచేసి, వారం పది రోజులు చూశాకే వాటి జోలికి వెళ్లండి.