కాలనీ క్లబ్బు యాదిని కాగితం మీద పెట్టాలంటే

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఒక నీలం జెర్సీ ఉంది. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది. కుడి భుజం దగ్గర చిరిగితే మళ్లీ కుట్టారు, నల్ల దారంతో. నీలం బట్టకు నల్ల దారం ఎందుకు వాడారో తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ సంగతి తెలిశాక మా కాలనీ ఫుట్‌బాల్ క్లబ్బంటే నాకు ఉన్న గర్వం ఇంకా పెరిగింది.

నేను కాజీపేట రైల్వే కాలనీలో పుట్టి పెరిగాను. బాపు లోకో షెడ్‌లో ఫిట్టర్. డ్యూటీ దిగితే కాలనీ జట్టుకు రైట్ బ్యాక్. ఆయన పోయినప్పుడు దినాల నాడు పాత ఆటగాళ్లంతా పందిరి కింద కూర్చుని, ఒకరి మాట ఒకరు అందుకుంటూ గంటసేపు ఆయన ఆట గురించి చెప్పుకున్నారు. నేను వంటల దగ్గర ఉండి సగమే విన్నాను. అట్లా చెప్పినవాళ్లలో ఇద్దరు ఏడాది తిరిగేసరికి లేరు. ఆ బాధతోనే పాత ఆటగాళ్ల ముచ్చట్లు రాసిపెట్టే ఈ పని మొదలుపెట్టాను. నాలుగేళ్లయింది, ఇప్పటికి 31 మందితో మాట్లాడాను. గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో, హన్మకొండలోనో మీకూ ఒక క్లబ్బు, దాని వెనకాల కొందరు పెద్దవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల దగ్గరికి ఎట్లా వెళ్లాలో, ఏం అడగాలో నాకు తెలిసినంత చెబుతాను.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ప్రశ్నలోనే ఉంది. "కాకా, మీకు మర్చిపోలేని మ్యాచ్ ఏది?" అని అడిగేదాన్ని. "అన్నీ మర్చిపోలేనివే బిడ్డా, మంచిగ ఆడినం" అనేవాళ్లు. తర్వాత చాయ్ వచ్చేది, ముచ్చట పిల్లల ఉద్యోగాల మీదికి పోయేది. మ్యాచ్ గురించి అడగకండి. వస్తువు చేతికివ్వండి.

మా ఇంటి సజ్జ మీద పాత తోలు బంతి ఒకటి దొరికింది. ఇప్పటి బంతుల్లాంటిది కాదు. తోలు ముక్కలు కలిపి కుట్టి, ఒక పక్క చీలిక వదిలేస్తారు. అందులోంచి రబ్బరు బ్లాడర్ దూర్చి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, బ్లాడర్ మూతిని దారంతో బిగించి లోపలికి నొక్కి, పైన తోలు లేసుతో బూటు కట్టినట్టు కట్టేస్తారు. వానలో తడిస్తే నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఆ బంతిని మా సెంటర్ ఫార్వర్డ్ కాక ఒళ్లో పెట్టాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. బొటనవేలు తోలు మీద తడుముకుంటూ పోయి లేసు దగ్గర ఆగింది. తర్వాత నుదుటి మీద వెంట్రుకలు పైకి తోసి చూపించారు. గోరంత మచ్చ! "హెడ్ కొట్టేటప్పుడు లేసు ఇటు దిక్కు వచ్చిందనుకో, అయిపాయె. నెత్తురు కారుతుంటే మీ బాపు తన రుమాలు కట్టిండు. కట్టినంక ఏం చేసిండో ఎర్కేనా..." అని మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనం వేళ దాటినా ఆపలేదు.

అందుకే వెళ్లేటప్పుడు ఏదో ఒకటి పట్టుకెళ్లండి. బూటు, విజిల్, చందా పుస్తకం, గ్రూప్ ఫోటో, ఏదైనా సరే. ఏమీ లేకపోతే ఆయన్నే గ్రౌండ్‌కు తీసుకెళ్లి గోల్‌పోస్టు దగ్గర నిలబెట్టండి. ఆ తర్వాత చిన్న ప్రశ్నలు అడగండి. ఆ రోజు ఏ బండికి పోయారు? సద్దిలో ఏముంది? బూట్లు ఎవరివి? ఓడిపోయిన రాత్రి ఇంట్లో ఏమన్నారు?

రికార్డింగుకు మామూలు ఫోన్ చాలు. బల్ల మీద వట్టిగా పెడితే గ్లాసు పెట్టిన చప్పుడంతా అందులోకే వస్తుంది, కింద మడతపెట్టిన తువ్వాల వేయండి. ఫ్యాన్ ఆపించండి. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పండి. "ఇది మాత్రం రాయకు బిడ్డా" అంటే రాయకండి. చందా డబ్బుల తగాదాలు, టీమ్‌లోంచి తీసేసిన కోపాలు ఇంకా ఆరని ఇళ్లున్నాయి. మనిషి ఆగినప్పుడు మీరు నోరు తెరవకండి. ఆ మౌనంలోనే ఆయన మళ్లీ ఆ గ్రౌండ్‌కు వెళ్తున్నాడు.

ఇక నల్ల దారం సంగతి. కప్పు గెలిచిన ముచ్చట అందరూ చెబుతారు. మా వాళ్లు మాత్రం ఎక్కువగా మెరిసే కళ్లతో చెప్పేది బెల్లంపల్లిలో 3-1తో ఓడిపోయిన మ్యాచ్ గురించి. కాజీపేట నుంచి పాసింజర్ బండిలో సరిగ్గా 11 మంది వెళ్లారు. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద అందరూ తలా ఒక పైసా నీళ్లలో వేసి మొక్కుకున్నారు. అవతల బొగ్గుగని కార్మికుల జట్టు. సగం ఆటకు 1-1. అప్పుడు మా గోల్‌కీపర్ వేలు విరిగింది. మారు మనిషి లేడు. ఎవరిని గోల్‌లో నిలబెట్టాలా అని మా వాళ్లు తర్జనభర్జన పడుతుంటే, గీత బయట కూర్చున్న బెల్లంపల్లి రెండో గోల్‌కీపర్ లేచి వచ్చి, "నేను నిలబడ్త, ఆట ఆపొద్దు" అన్నాడట. తన సొంత జట్టు కొట్టే షాట్లకు ఎదురుగా మా గోల్‌లో నిలబడ్డాడు. మూడు గట్టి షాట్లు ఆపాడు. రెండు గోల్స్ పడ్డాయి. ఆట అయ్యాక రెండు జట్ల వాళ్లూ ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నారు.

ఈ ముచ్చట ముగ్గురు చెప్పారు, మూడు రకాలుగా. తన సొంత బనీను మీదే ఆడాడని ఒకరు, అంగీ లేకుండానే ఆడాడని ఒకరు. మూడో ఆయనకు గుర్తులేదు. ఏది నిజమో తేలక ఏడాదిపాటు ఆ పేజీ ఖాళీగా వదిలేశాను. ఒకరోజు అమ్మ పక్కన కూర్చుని ఆ రికార్డింగ్ వింటుంటే ఆమే అందుకుంది: "బనీను గాదు, ఏంగాదు. మన కీపర్ అంగీనే తొడిగిండ్రు. ఆయన గోడ లెక్క ఉండెనట, పట్టక భుజం కాడ పర్రున చినిగింది. రాత్రి మీ బాపు తెచ్చి నా ఒళ్లె ఏసిండు. తెల్లారితే ఇంకో మ్యాచ్. దుకాణాలు బందు. ఇంట్ల నల్ల దారమే ఉండె." లేచి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది.

రెండేళ్లు నేను మగవాళ్లనే అడిగాను. సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మీరు ఆ తప్పు చేయకండి. జెర్సీలు ఉతికినవాళ్లను, సద్దులు కట్టినవాళ్లను, విరిగిన కాళ్లకు కాపడం పెట్టినవాళ్లను మొదటే అడగండి. స్కోరు ఆటగాళ్లు తప్పు చెప్పినా, ఏ రోజు ఎంతమందికి అన్నం వండిందీ వాళ్లు తప్పు చెప్పరు.

తేదీ పట్టుకోవడం కూడా అమ్మల దగ్గరే సులువు. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. దానికి ముందా, తర్వాతా అని అడగాలి. మా రైల్వే కాలనీలో అన్నిటికన్నా పెద్ద గుర్తు 1974 మే నెల రైల్వే సమ్మె. ఏ ముచ్చటైనా సమ్మెకు ముందో వెనకో ఠక్కున చెబుతారు. తర్వాత 1982 ఢిల్లీ ఏషియాడ్. ఆపైన టీవీలో మారడోనాను చూసిన 1986 ప్రపంచకప్. మన దగ్గర మేడారం జాతర ఇంకా మంచి గుర్తు, ఎందుకంటే రెండేళ్లకోసారి మాఘమాసంలోనే వస్తుంది. "మేడారం పోయొచ్చిన పది దినాలకు బెల్లంపల్లి పోయిండ్రు, అప్పుడు మీ అక్క నా కడుపుల ఉంది" అంది అమ్మ. అక్క పుట్టింది 1978 జూన్‌లో. అంతే, పేజీ పైన 1978 అని రాసుకున్నాను.

ప్రతి పేజీ పైన నేను నాలుగు సంగతులు రాస్తాను. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, ఎక్కడ కూర్చుని చెప్పారు, ఆయన కళ్లారా చూసిందా లేక విన్నదా. ఈ నాలుగోది అస్సలు వదలొద్దు.

పెద్ద జట్ల ముచ్చట్లు వచ్చినప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. మా కాలనీలో అందరికన్నా పెద్దాయన చిన్నప్పుడు హైదరాబాద్ వెళ్లి సిటీ పోలీస్ జట్టు ఆట చూశాడు. "రోవర్స్ కప్పు వరుసగా ఆరు సార్లు కొట్టిండ్రు" అన్నాడు. అది బొంబాయిలో జరిగే పెద్ద ఫుట్‌బాల్ పోటీ అప్పట్లో. వాళ్లు వరుసగా కొట్టింది నిజానికి ఐదు సార్లు, 1950 నుంచి 1954 దాకా. ఆయన మాట ఆయన మాటగానే ఉంచి, అసలు లెక్క కింద రాశాను. కొట్టేయలేదు. ఐదు చాలదా గర్వపడటానికి? ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. మొదట బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951లో, 1962లో ఏషియాడ్ బంగారు పతకాలు గెలిచింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. ఈ సంగతులు చెబుతున్నప్పుడు మా పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. ఆ భారత జట్టులో ఆడిన సికింద్రాబాద్ పిల్లగాడు తులసీదాస్ బలరాం పేరెత్తితే ఇక ఆపలేం. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూసిన రోజున మా పెద్దాయన గ్రౌండ్‌కు వెళ్లి ఒంటరిగా ఒక రౌండు నడిచొచ్చాడు. ఈ చివరిది నేను చూసిందే.

పాతవే రాయాలని లేదు. మన కళ్ల ముందు జరిగినవాటిని ఆ రాత్రే రాసేయాలి. 2022 మార్చి 20, ఆదివారం, గోవాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. మా ఇంట్లో పదిహేను మందిమి టీవీ ముందు కూర్చున్నాం, పక్క క్వార్టర్ మలయాళీ చేచితో సహా. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొడితే చేచి ఒక్కతే లేచి చప్పట్లు కొట్టింది. మాకు టెన్షన్‌తో నోట మాట లేదు. 88వ నిమిషంలో సాహిల్ టవోరా కొట్టిన షాట్ వలలో పడగానే కాలనీ అంతా అరుపులు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనదైంది. చేచి కళ్లు తుడుచుకుని ఇంటికి వెళ్లి, అరటికాయ చిప్స్ డబ్బాతో తిరిగొచ్చింది. "గెలిచినవాళ్లు తినాలి" అంది. పదకొండున్నరకు ఇదంతా రాసి పడుకున్నాను. రెండు నెలల తర్వాత అడిగితే, అదే గదిలో ఉన్న మా మరిది టవోరా గోల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో పడిందని పందెం కాశాడు! ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆ రాత్రి మాత్రం నా నోటుబుక్కులో ఉంది, చిప్స్ డబ్బాతో సహా.

ఫోటోల విషయంలో నాలుగు మాటలు. పాత ఆల్బమ్ జిగురు పేజీల్లోంచి పీకకండి, ఉన్నచోటే ఫోటో తీయండి. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ ఆపి. గ్రూప్ ఫోటో అయితే పెద్ద జిరాక్స్ తీయించి, ఒక్కొక్కరి మీద నంబరు వేసి, ఇంటింటికీ తిప్పి పేర్లు రాయించండి. అసలు ఫోటో వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో. బాల్‌పెన్ ముద్ర ముందువైపు ముఖాల మీద తేలుతుంది. రికార్డింగులు ఒక్క ఫోన్‌లోనే ఉంచకండి. నా మొదటి ఆరు నీళ్ల బకెట్‌లో ఫోన్ పడటంతో పోయాయి, అందులో ఒకరి గొంతు ఇక దొరకదు. ఇప్పుడు ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో అక్క ఇంట్లో, రాసింది నోటుబుక్కులో ఉంచుతున్నాను.

రాసింది బీరువాలో పెట్టి తాళం వేస్తే లాభం లేదు. దసరాకు అందరూ ఇళ్లకు వస్తారు కదా. మరునాడు పొద్దున మా గ్రౌండ్‌లో పెద్దవాళ్లకూ పిల్లలకూ మ్యాచ్ ఉంటుంది. విజిల్ ఊదే ముందు ఒక్క ముచ్చట, ఐదు నిమిషాలు, పైకి చదువుతాను. మొన్నటిసారి నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడిన సంగతి చెప్పాను. ఏడో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తి, "మన క్లబ్బుల ఆడపిల్లలు ఆడలేదా అత్తా?" అని అడిగింది. ఆడలేదు. నేను కూడా గోడ మీద కూర్చుని చూసినదాన్నే. ఆ పిల్లా, ఇంకో ఎనిమిది మందీ ఇప్పుడు సాయంత్రాలు వస్తున్నారు. వాళ్ల మొదటి మ్యాచ్‌కు కొత్త నోటుబుక్కు కొన్నాను.

చివరగా, అవతలి జట్టు ఇంటికి కూడా వెళ్లండి. పోయిన చలికాలంలో జెర్సీ సంచిలో పెట్టుకుని అమ్మతో కలిసి బెల్లంపల్లి వెళ్లాను. పాత కార్మికులను అడుగుతూ అడుగుతూ ఆ గోల్‌కీపర్ ఇల్లు పట్టుకున్నాం. ఆయన లేరు. ఆయన భార్య జెర్సీని మోకాళ్ల మీద పరిచి, నల్ల దారం మీద వేలు పెట్టి అమ్మ వైపు చూసింది. "నువ్వేనా కుట్టింది? అంగీ చింపిన, వాళ్లింటామె ఏమన్నదో అని ఎన్నిసార్లు అనెటోడో" అంది. తర్వాత మ్యాచ్ ముచ్చట ఆమే చెప్పింది. ఆమె లెక్కలో ఆయన ఆపిన షాట్లు ఐదు. మా వాళ్ల లెక్కలో మూడు. రెండూ రాసుకున్నాను.